ముందు సూప్ సంగతి అడగండి

జపాన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చే అమ్మానాన్నలు ఇప్పుడు బాగా పెరిగారు. వాళ్ళకీ, అక్కడే ఉంటున్న శాకాహారులకీ, ఈమధ్య పాలు, నెయ్యి కూడా మానేసి పూర్తి వీగన్లుగా మారినవాళ్ళకీ రామెన్ షాపు పెద్ద ప్రశ్నగా మారింది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని గురించే. ఒకే విషయం అడిగినవాటిని కలిపి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి టోక్యోలో నిషికసాయిలో ఉంటాడు. వచ్చే నెల నేనూ, మావారూ వెళ్తున్నాం. మేం మాంసం, చేప, గుడ్డు ముట్టం. మావారు ఏడాదిగా పాలు, పెరుగు కూడా మానేశారు. రామెన్ షాపులో ‘వెజిటబుల్ రామెన్’ అని అడిగితే చాలని అబ్బాయి స్నేహితుడు చెప్పాడట. నమ్మవచ్చా?
– గృహిణి, గుంటూరు

జవాబు: నమ్మకండమ్మా. అక్కడ ‘యసాయ్ రామెన్’ అంటే పైన క్యాబేజీ, మొలకలు, క్యారెట్ దండిగా వేసిన రామెన్ అని మాత్రమే అర్థం. కింద ఉండే సూప్ సంగతి ఆ పేరు చెప్పదు.

రామెన్ గిన్నెలో ఐదు భాగాలుంటాయి. అడుగున ‘తారె’ అనే చిక్కటి ఉప్పటి రసం రెండు మూడు చెంచాలు వేస్తారు. దాని మీద వేడి సూప్ పోస్తారు. పైన సువాసన కోసం కొంచెం నూనె. తర్వాత నూడుల్స్. చివరగా అలంకారాలు. మనకి కంటికి కనిపించేది ఈ ఆఖరిది ఒక్కటే. మాంసం, చేప దాక్కునేది మొదటి మూడింటిలో.

సూప్ సంగతి చూడండి. ఫుకుఓకా వైపు ప్రసిద్ధమైన టొంకొట్సు అంటే పంది ఎముకల్ని గంటల తరబడి పెద్ద మంట మీద మరిగించిన తెల్లటి సూప్. టోక్యో తరహా తేట సూప్‌కి కోడి ఎముకలు వాడతారు, వాటితోపాటు నిబోషి అనే చిన్న ఎండుచేపలు, కత్సుఓబుషి అనే పొగబెట్టి ఎండబెట్టిన చేప కూడా పడతాయి. పైన తేలే నూనె కోడి కొవ్వు కావచ్చు, పంది కొవ్వు కావచ్చు.

మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది మిసో రామెన్ దగ్గర. మిసో సోయాబీన్ ముద్ద కాబట్టి అది శాకాహారమే అనుకుంటారు. మిసో, షోయు, షియో అనేవి తారె రకాలు. అంటే రుచికి వేసేది సోయా ముద్దా, సోయా సాస్, ఉప్పా అన్న తేడా. వాటి మీద పోసే సూప్ మళ్ళీ ఎముకలదే. సప్పొరో మిసో రామెన్‌లో కూరగాయల్ని సాధారణంగా పంది కొవ్వులోనే వేయిస్తారు, పైన వెన్న ముక్క వేసే షాపులూ ఉన్నాయి. ఇక పైన కనిపించేవాటిలో చాషూ పంది మాంసం. గులాబి రంగు సుడి ఉన్న తెల్లటి బిళ్ళ నరుతో, అది చేప ముద్ద. సగం ఉడికిన గుడ్డు సరేసరి.

“మాంసం ముక్కలు తీసేసి ఇవ్వండి” అని అడగడం వల్ల ప్రయోజనం లేదు. పులుసు కాచాక అందులోంచి చింతపండు తీసేయమన్నట్టు ఉంటుంది అది. షాపువాళ్ళు మర్యాదకి తీసి ఇస్తారు కూడా. ఇందులో వాళ్ళ మోసం ఏమీ లేదు. చేప రసాన్ని మాంసాహారంగా లెక్కవేసే అలవాటు అక్కడ చాలామందికి లేదు.

కాబట్టి అడగవలసింది కూరగాయలున్నాయా అని కాదు, సూప్ దేనితో కాచారు అని. మొదటినుంచీ వీగన్‌గా కాచిన సూప్ ఉన్న షాపుకే వెళ్ళండి. టోక్యోలో అలాంటివి ఉన్నాయి, వాటి గురించి కింద రాశాను.

ప్రశ్న: ఆ ప్రశ్న జపనీస్‌లో ఎలా అడగాలి? టికెట్ మిషన్ ఉన్న షాపులో ఎవరిని అడగాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కవాసాకి

జవాబు: “సూపు ని నికు యా సకానా నో దాషి వా హైత్తె ఇమాస్ కా?” సూప్‌లో మాంసం గానీ చేప గానీ కాచిన రసం ఉందా అని. ‘హై’ అంటే ఉందని, అక్కడితో దండం పెట్టి బయటికి రావచ్చు. మీ ఉచ్చారణ మీద నమ్మకం లేకపోతే అదే వాక్యాన్ని ఫోన్‌లో జపనీస్ లిపిలో రాసి పెట్టుకుని చూపించండి. నేనైతే చూపించడమే మేలంటాను. రద్దీ వేళలో వంటవాడి చెవిన పడని మాట కంటికి పడుతుంది.

మిషన్‌లో డబ్బు వేసి బటన్ నొక్కకముందే అడగాలి. టికెట్ వచ్చాక మార్చమంటే వాళ్ళకీ మనకీ ఇబ్బందే. మిషన్ మీద పై వరసలో ఎడమ చివర ఉండే బటన్ చాలా షాపుల్లో వాళ్ళ పేరుమోసిన రామెన్‌ది. వీగన్ రామెన్ ఉంటే దానికి విడిగా బటన్ ఉంటుంది, పక్కన ఆకు బొమ్మో, ఇంగ్లిషు మాటో ఉండవచ్చు.

ఇంకొకటి. మామూలు షాపులో ఒక్క వీగన్ రామెన్ ఉంటే, దాని నూడుల్స్‌ని మిగతా నూడుల్స్ ఉడికిన నీళ్ళలోనే ఉడికిస్తారు. అది మీకు పట్టింపు కాకపోతే సరే. పట్టింపైతే మొత్తం మెనూ వీగన్ అయిన చోటికి వెళ్ళాలి. జపాన్ ప్రభుత్వం 2022 సెప్టెంబరులో శాకాహార, వీగన్ వంటకాలు వడ్డించే హోటళ్ళకి, ప్యాకెట్ ఆహారాలకి జాస్ (జపాన్ వ్యవసాయ ప్రమాణాలు) కింద ప్రమాణాలు తెచ్చింది. ఆ ధ్రువీకరణ తీసుకోవడం స్వచ్ఛందమే కాబట్టి, అది లేని షాపులన్నీ నమ్మదగనివని అనుకోనవసరం లేదు.

ప్రశ్న: రామెన్ నూడుల్స్ పసుపు రంగులో ఉంటాయి కదా, అవి గుడ్డు నూడుల్స్ కాదా?
– ఎం.టెక్. విద్యార్థి, ఒసాకా

జవాబు: ఆ రంగు చాలావరకు గుడ్డుది కాదు బాబూ. రామెన్ పిండిలో ‘కాన్‌సుయి’ అనే క్షారం కలుపుతారు. సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ అందులో ముఖ్యమైనవి. గోధుమపిండిలో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు క్షారం తగలగానే పచ్చబడతాయి. ఆ సాగుడు, పంటికి ఎదురుతిరిగే బిగువు, ఆ ప్రత్యేకమైన వాసన కూడా క్షారం వల్లే. ఆ క్షారం కలపరు కాబట్టే అదే గోధుమపిండితో చేసిన ఉదోన్ నూడుల్స్ తెల్లగా, మెత్తగా ఉంటాయి.

అయితే కొందరు నూడుల్స్ తయారీదారులు గుడ్డు, లేదా గుడ్డు తెల్లసొన పొడి కలుపుతారు. రంగు చూసి అది తేల్చలేం. “మెన్ ని తమాగో వా హైత్తె ఇమాస్ కా?”, నూడుల్స్‌లో గుడ్డు ఉందా అని అడగండి.

ప్రశ్న: ఎముకలు లేకుండా కాచిన సూప్ నీళ్ళనీళ్ళగా ఉండదా? పేరుకే రామెన్ తిని వచ్చామనుకోవాలా? నేను పదిహేనేళ్ళు మాంసం తిని రెండేళ్ళ క్రితం మానేశాను. రుచి తెలిసిన నాలుకతో అడుగుతున్నాను.
– బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జవాబు: మంచి ప్రశ్న. దీనికి కొంచెం తీరిగ్గా జవాబు చెప్పాలి, ఎందుకంటే వీగన్ రామెన్ అంటే ఏదో సర్దుబాటు వంట అనే అభిప్రాయం మనవాళ్ళలో గట్టిగా ఉంది.

1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో రసాయన శాస్త్రం చెప్పే కికునాయె ఇకెదా ఒక రుచిని వేరు చేసి దానికి ఉమామి అని పేరు పెట్టారు. తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని ఐదో రుచి. ఆయన దాన్ని తీసింది మాంసంలోంచి కాదు, కొంబు అనే సముద్రపు నాచులోంచి. అందులో ఉన్నది గ్లుటామేట్. తర్వాత 1913లో ఆయన శిష్యుడు షింతారో కొదమా ఎండుచేపలోంచి ఇనోసినేట్‌ని గుర్తించారు. 1957లో అకిరా కునినకా గ్వానిలేట్‌లోని రుచిని బయటపెట్టారు, అది ఎండబెట్టిన షీతాకె పుట్టగొడుగుల్లో దండిగా ఉంటుంది. ఆయనే తేల్చిన అసలు విషయం ఇంకొకటి ఉంది. గ్లుటామేట్‌కి ఇనోసినేట్ గానీ గ్వానిలేట్ గానీ తోడైతే రుచి రెండూ కూడినంతతో ఆగదు, దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

అంటే కొంబుతో ఎండుచేప కలిస్తే ఎలాంటి బలం వస్తుందో, కొంబుతో ఎండు షీతాకె కలిసినా అలాంటిదే వస్తుంది. బౌద్ధ మఠాల వంటవాళ్ళు ఈ లెక్కలేవీ తెలియకుండానే శతాబ్దాలుగా ఆ రెండిటితో రసం తీస్తూ వచ్చారు. జపాన్‌లో మాంసం లేని వంట కొత్తది కాదు. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలని ఏటా కొన్ని నెలలపాటు నిషేధించారు. ఆ తర్వాత వచ్చిన ఎన్నో ఆంక్షల మధ్య, పశుమాంసం చాటున తిన్నవాళ్ళున్నా, బహిరంగంగా గౌరవం పొందింది 1872లో మెయిజీ చక్రవర్తి తాను తిని చూపించాకే. రామెన్ అయితే మరీ కొత్తది. టోక్యో అసకుసాలో రైరైకెన్ అనే షాపు 1910లో తెరిచారు, జపాన్ రామెన్ కథ ఎక్కువగా అక్కణ్ణించే మొదలుపెడతారు. అంటే కొంబు-షీతాకె రసం రామెన్ కంటే ఎంతో ముందుది.

ఇక మీ అసలు ప్రశ్న. ఎముకల సూప్‌లో ఉమామితోపాటు ఇంకో రెండు ఉంటాయి. కొవ్వు, ఎముకల్లోంచి దిగిన జిగురు. పెదాలు కొంచెం అంటుకున్నట్టు అనిపిస్తుందే, ఆ జిగురుదే అది. కొంబు, షీతాకెలు అది ఇవ్వలేవు. అందుకే మంచి వీగన్ షాపులు ఆ లోటుని వేరేవాటితో పూడుస్తాయి. సోయాపాలు, నువ్వుల ముద్ద, జీడిపప్పు, ముద్దగా ఉడికించిన ఉల్లి, బంగాళదుంప, మొక్కజొన్న ఇందుకే వాడతారు. వెల్లుల్లి మాడ్చి తీసిన నల్లటి నూనె పైన చుక్కలుగా వేస్తారు. సోయాపాలు, నువ్వుల సూప్ తాగినప్పుడు మీ పాత నాలుకకి లోటు తెలియదు. తేట షోయు సూప్‌లో మాత్రం తెలుస్తుంది, అది తేలిగ్గా ఉంటుంది. తేలికదనాన్ని లోపంగా లెక్కవేయకండి. రెండు గుక్కలు తాగాక నాలుక వెనకభాగంలో మెల్లగా నిలిచే రుచి ఒకటి ఉంటుంది, కొంబుది అది. దాని కోసం ఒక్క నిమిషం ఆగండి.

ప్రశ్న: టోక్యోలో మొదటిసారి వీగన్ రామెన్ తినాలంటే ఎక్కడికి వెళ్ళాలి? ఏం చెప్పాలి? మా నాన్నగారికి చప్పిడివి నచ్చవు, కారం కావాలి.
– చార్టర్డ్ అకౌంటెంట్, హైదరాబాద్

జవాబు: నాన్నగారిని టీస్ తాన్‌తాన్‌కి తీసుకెళ్ళండి. టోక్యో స్టేషన్‌లో కేయో స్ట్రీట్ అనే వరసలో ఉంటుంది. మెనూ మొత్తంలో మాంసం, చేప, గుడ్డు, పాలు లేవు. 2009లో జియుగఓకాలో మొదలైన టీస్ రెస్టారెంట్ వాళ్ళదే ఇది. షాపు జేఆర్ టికెట్ గేట్లకి లోపలి వైపు ఉంటుంది కాబట్టి రైలు దిగి మారేటప్పుడు వెళ్తే సుఖం. బయటినుంచి వచ్చేవాళ్ళు ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కోవాలి.

అక్కడ తాన్‌తాన్‌మెన్ చెప్పండి. చైనాలోని సిచువాన్‌లో పుట్టిన దాన్‌దాన్ నూడుల్స్‌ని జపాన్‌కి పరిచయం చేసి, వాళ్ళ ఇష్టానికి తగ్గట్టు సూప్ పోసి ప్రచారంలోకి తెచ్చిన వంటవాడు చెన్ కెన్‌మిన్. 1958లో టోక్యోలో షిసెన్ హాన్‌తెన్ తెరిచింది ఆయనే. ఈ షాపువాళ్ళు దానికి వీగన్ రూపం కట్టారు. గిన్నె ముందుకొచ్చినప్పుడు చూడండి. లేత గోధుమరంగు సూప్, దాని మీద ఎర్రటి మిరప నూనె మరకలు మరకలుగా విడిపోతూ ఉంటుంది. మధ్యలో వేయించిన సోయా పొరటు గుట్టగా, దాని పక్కన ఆకుకూర. సూప్ ముందు గరిటెతో పైపైన తాగితే నువ్వులే తెలుస్తాయి. అడుగునుంచి ఒకసారి కలిపి తాగితే అప్పుడు కారం, ఉప్పు పైకొస్తాయి. కలపకుండా తిని చప్పగా ఉందన్నవాళ్ళని నేను చూశాను. తెల్ల నువ్వులది, నల్ల నువ్వులది విడివిడిగా ఉంటాయి. మొదటిసారి తెల్లది తీసుకోండి, నల్లదానిలో కాస్త చిరుచేదు ఉంటుంది.

నాన్నగారి కారానికి అది చాలకపోతే బల్ల మీద రాయు అనే మిరప నూనె ఉంటుంది, సాధారణంగా నువ్వుల నూనెతోనే చేస్తారు. ఇంటినుంచి కారప్పొడి, ఆవకాయ సీసా తీసుకెళ్ళి షాపులో మూత తీయడం మాత్రం వద్దు. బయటి తిండి లోపల తినడం అక్కడ మర్యాద కాదు.

మిగతావి క్లుప్తంగా. 2003లో ఎబిసులో మొదలైన అఫురి పేరుమోసింది యుజు పండు వాసన వేసే ఉప్పు రామెన్‌కి. అందులో కోడి, చేప ఉంటాయి, అది మీకు కాదు. వాళ్ళ దగ్గర కూరగాయల వీగన్ రామెన్ వేరుగా ఉంది, తామరదుంప కలిపిన నూడుల్స్‌తో ఇస్తారు. నూనె తక్కువగా, కూరగాయల రుచి విడిగా తెలిసేలా ఉంటుంది. క్యూషూ జంగరా టొంకొట్సు షాపే అయినా హరాజుకు లాంటి చోట వీగన్ గిన్నె ఇస్తుంది. క్యోటోలో వీగన్ రామెన్ ఉజు ఉంది, టీమ్‌ల్యాబ్ కళాకారుల వెలుగుల మధ్య కూర్చోబెట్టి వడ్డిస్తారు. ధర ఎక్కువే, ఆ గది కోసం వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఇచిరాన్ పేరు అందరూ చెబుతారు. అది పంది ఎముకల సూప్ మీద నిలబడ్డ షాపు, అటు వెళ్ళకండి.

మెనూలు, వేళలు మారుతుంటాయి. బయల్దేరేముందు షాపు సొంత వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. సూప్ అయిపోతే వేళ కాకముందే తలుపు మూసేయడం రామెన్ షాపుల్లో మామూలే.

ప్రశ్న: రామెన్ కాకుండా అదే షాపులో చిరుతిళ్ళు ఏవి తినవచ్చు?
– ఇద్దరు పిల్లల తల్లి, యోకొహామా

జవాబు: ఉడికించిన ఎదమామె, అంటే పచ్చి సోయా కాయలు ఉప్పు చల్లినవి, భయం లేకుండా తినవచ్చు. గ్యోజా అనే కూరిన కుడుముల్ని మామూలుగా పంది మాంసంతో చేస్తారు. కూరగాయల గ్యోజా అని రాసున్నా లోపల పంది కొవ్వు కలిపే తయారీలున్నాయి. చల్లటి టోఫు తెప్పించుకుంటే పైన గాలికి కదిలే సన్నటి పేలికల్లాంటివి చల్లి ఇస్తారు, అదే ఎండుచేప. “కత్సుఓబుషి నుకి దె”, అంటే అది వేయకుండా ఇవ్వండి అని ముందే చెప్పాలి. దానితో వచ్చే సోయా సాస్‌లో కూడా చేప రసం కలిపిన రకాలుంటాయి. కిమ్చీలో చిన్నరొయ్యలో, చేప సాసో సాధారణం. పూర్తి వీగన్ షాపుల్లో సోయాతో చేసిన కరాగె అనే వేపుడు దొరుకుతుంది, పిల్లలు ఇష్టంగా తింటారు.

ఇంటికి కప్ నూడుల్స్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత, వేరుశనగ వంటివి ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాలి. 2023లో అక్రోటు కూడా ఆ జాబితాలో చేర్చారు. చేప అందులో లేదు. కాబట్టి ఎలర్జీ పట్టిక ఒక్కటే చూసి శాకాహారమని నిర్ణయించకండి. దిగువన చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితాని ఫోన్ కెమెరాతో అనువదించి చదవండి. పోర్క్ ఎక్స్‌ట్రాక్ట్, చికెన్ ఎక్స్‌ట్రాక్ట్, చేప ఎక్స్‌ట్రాక్ట్ అక్కడ బయటపడతాయి. మన దేశంలోలాగా ఆకుపచ్చ చుక్క తప్పనిసరి చేసే నియమం అక్కడ లేదు. అసలు మన ఆకుపచ్చ చుక్కలో పాలు ఉండవచ్చు కాబట్టి, వీగన్ల కోసం ఇక్కడ కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022లో వేరే నిబంధనలు తెచ్చి, వీగన్ ఆహారానికి ప్రత్యేకమైన గుర్తు పెట్టింది.

ప్రశ్న: స్వామి మాల వేసుకున్నాను. దీక్షలో ఉల్లి, వెల్లుల్లి తినను, మద్యం కలిసింది ముట్టను. ఆఫీసువాళ్ళు వీగన్ రామెన్‌కి పిలుస్తున్నారు. వెళ్ళవచ్చా?
– నగోయా నుంచి ఒక భక్తుడు

జవాబు: స్వామీ, వెళ్ళి వాళ్ళతో కూర్చోండి, రామెన్ మాత్రం దీక్ష అయ్యాక తినండి. వీగన్ అన్నంత మాత్రాన ఉల్లి, వెల్లుల్లి లేవని కాదు. నిజానికి మాంసం లేని లోటు తీర్చడానికి ఆ రెండూ ఇంకొంచెం ఎక్కువే వేస్తారు. తారెలో సాకె, మిరిన్ అనే మద్యాలు కలపడం ఆనవాయితీ. మిరిన్‌లో 14 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. కాచినప్పుడు చాలావరకు ఆవిరైపోయినా పూర్తిగా పోతుందని చెప్పలేం.

ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం జపాన్‌లో కావాలంటే షోజిన్ ర్యోరి వెతకండి. జెన్ మఠాల వంట అది. వెల్లుల్లి, ఉల్లి జాతివి ఐదింటిని అందులో నిషేధించారు. జెన్ గురువు దోగెన్ మఠంలో వంట చేసేవాడి బాధ్యతల మీద 1237లోనే ఒక గ్రంథం రాశారు. క్యోటో అరషియామాలో తెన్ర్యూజి ఆలయ ఆవరణలో షిగెత్సు అనే చోట ఈ భోజనం పెడతారు. అక్కడ కూడా సాకె, మిరిన్ సంగతి విడిగా అడగండి.

ప్రశ్న: రామెన్‌ని చప్పుడు చేస్తూ జుర్రుకుంటారట. మాకు సిగ్గు. స్పూను, ఫోర్కు అడగవచ్చా?
– విశ్రాంత తెలుగు పండితులు, రాజమహేంద్రవరం

జవాబు: అడగవచ్చండి, ఇస్తారు. జుర్రుకోవడం అక్కడ తప్పు కాదు, జుర్రుకోకపోవడమూ తప్పు కాదు. వేగంగా తినడం మాత్రం మంచిది. నూడుల్స్ పది నిమిషాల్లో ఉబ్బి మెత్తబడిపోతాయి. తిన్నాక బల్ల ముందు కబుర్లు చెప్పుకుంటూ కూర్చోరు, బయట వరసలో జనం ఉంటారు. టిప్పు ఇవ్వకండి.

ప్రశ్న: వీగన్ రామెన్‌లో అజినొమొటో వేస్తారా? అది మంచిది కాదంటారు కదా.
– ఇంటర్ విద్యార్థిని, కర్నూలు

జవాబు: వేసే షాపులున్నాయి, వేయనివీ ఉన్నాయి. ఇకెదా కొంబులో కనుక్కున్న ఆ గ్లుటామేట్‌నే 1909 నుంచి ఆ పేరుతో అమ్ముతున్నారు. ఇప్పుడు చెరకు, కర్రపెండలం వంటివాటిని పులియబెట్టి తీస్తారు కాబట్టి అది వీగనే. మామూలు మోతాదులో ఆరోగ్యవంతులకి హాని అని తేలలేదు. ఏడాదిలోపు పసిపిల్లలకి మాత్రం పెట్టకూడదు.

ప్రశ్న: మేం జపాన్ వెళ్ళలేం మేడమ్. విజయవాడలో దొరికే సరుకులతో తాన్‌తాన్ రామెన్ చేయడం చెప్పండి.
– గృహిణి, విజయవాడ

జవాబు: తప్పకుండా. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసినవి రెండే, ఎండు కొంబు, ఎండు షీతాకె. మిగతావన్నీ మన బజార్లో ఉన్నాయి.

ముందు రోజు రాత్రి లీటరు మంచినీళ్ళలో 10 గ్రాముల కొంబు, ఐదారు ఎండు షీతాకెలు వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కొంబు మీద తెల్లటి పొడి ఉంటే కడగకండి, రుచి అందులోనే ఉంది. తడిగుడ్డతో ఒకసారి అద్దితే చాలు. పొద్దున సన్నటి సెగ మీద పెట్టండి. గిన్నె అంచుల్లో బుడగలు కట్టడం మొదలవగానే కొంబు తీసేయండి. దాన్ని మరిగిస్తే జిగురు దిగి, చేదు వాసన వస్తుంది. చాలామంది వంట ఇక్కడే చెడుతుంది. షీతాకెలు ఇంకో పావుగంట సన్నగా ఉడకనిచ్చి, తీసి ముక్కలు కోసుకోండి.

తెల్ల నువ్వులు అరకప్పు దోరగా వేయించి, నూనె వదిలేదాకా మెత్తగా రుబ్బండి. వేయించేటప్పుడు రంగు మారకముందే, చిటపటలు మొదలైన కాసేపటికే దించాలి. ఒక్కో గిన్నెలో రెండు పెద్ద చెంచాల నువ్వుల ముద్ద, ఒకటిన్నర పెద్ద చెంచా సోయా సాస్, చిన్న చెంచా వెనిగర్, మీకు తగినంత మిరప నూనె వేసి కలిపి ఉంచండి. మీల్ మేకర్ రవ్వని వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, అల్లం, వెల్లుల్లి సన్నగా తరిగి నూనెలో వేసి, సోయా సాస్ చుక్కలు చల్లి పొడిపొడిగా వేయించండి. పిండకపోతే సోయా పచ్చివాసన పోదు.

నూడుల్స్‌కి గుడ్డు లేని హక్కా నూడుల్స్ వాడుకోవచ్చు. రామెన్ బిగువు కావాలంటే సన్నటి స్పగెట్టీని లీటరు నీళ్ళకి రెండు చిన్న చెంచాల వంటసోడా వేసి ఉడికించండి. నురుగు పొంగుతుంది, పెద్ద గిన్నె పెట్టుకోండి. ఉడికాక వేడినీళ్ళతో కడిగేయాలి.

చివరగా ఒక్కో గిన్నెకి కప్పు కొంబు రసం వేడి చేసి, అరకప్పు చక్కెర కలపని సోయాపాలు పోసి, పొగలు రాగానే దించండి. మరగనిస్తే పాలు విరిగినట్టు అవుతాయి. నువ్వుల ముద్ద మీద ఈ సూప్‌ని కొంచెం కొంచెంగా పోస్తూ కలిపి, నూడుల్స్, మీల్ మేకర్, షీతాకె ముక్కలు, ఉడికించిన పాలకూర వేసి వెంటనే పెట్టండి.

తీసేసిన కొంబుని పారేయకండి. సన్నగా తరిగి సోయా సాస్, కాస్త బెల్లంతో దగ్గరగా ఉడికిస్తే అన్నంలోకి నంజుకోవచ్చు.

ప్రశ్న: నాకు బీపీ, మా ఆవిడకి థైరాయిడ్ ఉంది. మూడు నెలలు టోక్యోలో ఉంటాం. వీగన్ రామెన్ ఆరోగ్యానికి మంచిదే కదా, వారానికి రెండుసార్లు తినవచ్చా?
– విశ్రాంత ఇంజనీరు, విశాఖపట్నం

జవాబు: మాంసం లేనంత మాత్రాన ఉప్పు తగ్గదండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటోంది. రామెన్ ఒక గిన్నె సూప్‌తో సహా ఖాళీ చేస్తే ఆ హద్దు ఒక్క పూటలోనే దాటిపోతుంది. ఉప్పు ఎక్కువగా సూప్‌లోనే ఉంటుంది కాబట్టి నూడుల్స్, కూరగాయలు తిని సూప్ రుచికి నాలుగు గరిటెలు తాగి వదిలేయండి. అక్కడివాళ్ళూ చాలామంది అలాగే వదిలేస్తారు, ఎవరూ తప్పుపట్టరు. మీకు వారానికి ఒక్కసారి చాలు.

మీ ఆవిడ గారి విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పెద్దవాళ్ళకి రోజుకి కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. ఒక్క గ్రాము ఎండు కొంబులో దానికి పదిరెట్లకి పైగా ఉండవచ్చు, నానబెట్టినప్పుడు అందులో చాలాభాగం రసంలోకి దిగుతుంది. వీగన్ సూప్‌లు ఎక్కువగా కొంబు మీదే ఆధారపడతాయి. ఎప్పుడో ఒకసారి తినడం వేరు, మూడు నెలలు తరచుగా తినడం వేరు. బయల్దేరేముందు థైరాయిడ్ చూసే డాక్టరుగారికి ‘కొంబు’ అనే పేరు రాసి చూపించి అడగండి.

పాలు కూడా మానేసినవాళ్ళకి ఒక మాట. బి12 విటమిన్ నోరి నాచులో దొరుకుతుందని విని దానిమీద ఆధారపడేవాళ్ళున్నారు. రామెన్ మీద పెట్టే ఒక్క నోరి రేకు దానికి చాలదు. బి12 మాత్రలు, వాటి చీటీతో సహా, ఇక్కణ్ణించే సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళండి, ఎన్ని తీసుకెళ్ళనిస్తారో మాత్రం ముందే కనుక్కోండి.